అమెరికాలో ఇండియన్స్‌కి క్యాన్సర్ తక్కువట, మన రక్తంలోనే ఏమైనా ఉందా?

ప్రశ్న వేసినాయన కూకట్‌పల్లిలో ఉంటారు, చెల్లెలు డాలస్‌లో. ఆవిడకి 41 ఏళ్లు, అక్కడి డాక్టర్ మామోగ్రామ్ (రొమ్ముకి తీసే ఎక్స్‌రే) చేయించుకోమన్నారట. ఆవిడ ఫ్యామిలీ గ్రూప్‌లో ఒక పట్టిక పెట్టారు: అమెరికాలో క్యాన్సర్‌తో ఎక్కువగా చనిపోయేది నల్లజాతివాళ్లు, కేసులు అందరికంటే తక్కువ ఆసియావాళ్లలో అని. దాని కింద బావగారు ఇంకో ముక్క తగిలించారు: ఏడాదికి కొత్త క్యాన్సర్ కేసులు అమెరికాలో లక్షమందికి 440, ఇండియాలో 100. ఇంకేముంది, ఇక్కడ 62 ఏళ్ల అమ్మగారు "చూశావా, మనం పసుపు తింటాం, మనకి రాదు" అని పరీక్షకి రానంటున్నారు. "ఇది జీన్స్ వల్లేనా? మనం నిజంగా సేఫేనా?" అన్నది ఈయన ప్రశ్న.

సూటిగా చెప్తాను. తక్కువ అన్నది కొంతవరకు నిజమే, కానీ అది రక్తంలో ఉన్న రక్షణ కాదు. ఏ దేశంలో ఎంత బాగా వెతుకుతున్నారు, ఎవరిని లెక్కపెట్టారు, వాళ్లు ఏం తిన్నారు, ఏం కాల్చారు, పిల్లల్ని ఎప్పుడు కన్నారు, జబ్బు బయటపడ్డాక వైద్యం అందిందా లేదా, ఇవన్నీ కలిస్తే ఆ అంకె వస్తుంది. జీన్స్‌కి అందులో వాటా ఉంది కానీ మీ అమ్మగారు అనుకున్నంత లేదు. పైగా మీరు ఉంటున్నది హైదరాబాద్‌లో. రొమ్ము క్యాన్సర్ విషయంలో ఈ ఊరికి దేశంలోనే మొదటి వరస. ఆ సంగతి కిందకి వస్తా.

ముందే చెప్పేస్తున్నా, నేను డాక్టర్‌ని కాదు. క్యాన్సర్ రిజిస్ట్రీలో పనిచేశాను, మొదట ఒక ఆసుపత్రి రిజిస్ట్రీలో, తర్వాత ఊరి జనాభా మొత్తంలో క్యాన్సర్ కేసుల్ని లెక్కపెట్టే జనాభా రిజిస్ట్రీలో, మొత్తం పదిహేడేళ్లు. అంటే మీ బావగారు పంపినలాంటి అంకెలు పుట్టే చోట కూర్చున్నవాణ్ణి. వంట తెలిసినవాడు హోటల్‌కి వెళ్తే ప్లేటులో కూరను అందరూ చూసినట్టు చూడడు, నాకూ అంతే.

మొదట ఆ 440 సంగతి తేల్చేద్దాం. పోలికలోనే తప్పు ఉంది. క్యాన్సర్ వయసు మళ్లినవాళ్ల జబ్బు. హైటెక్ సిటీ దగ్గర ఒక హాస్టల్‌లో వంద మంది పాతికేళ్ల పిల్లలు, పద్మారావునగర్‌లో ఒక అపార్ట్‌మెంట్‌లో వంద మంది రిటైరైనవాళ్లు ఉన్నారనుకోండి, ఎక్కడ మోకాళ్ల నొప్పులు ఎక్కువ అని అడిగితే మీరు నవ్వుతారు. అందుకే రేటు కట్టేటప్పుడు రెండు చోట్లా వయసుల పంపకం ఒకేలా ఉన్నట్టు ఊహించుకుని లెక్క సరిచేస్తారు, దాన్నే ఏజ్ అడ్జస్టెడ్ రేట్ అంటారు. తిరకాసు ఏమిటంటే, ఆ ఊహించుకునే జనాభా అన్ని పట్టికల్లో ఒకటి కాదు. అమెరికావాళ్లు తమ సొంత లెక్కలకి 2000 సంవత్సరపు అమెరికా జనాభాను కొలతగా పెట్టుకుంటారు, అందులో పెద్దవాళ్ల వాటా ఎక్కువ. మన ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి), అంతర్జాతీయ సంస్థలు వాడేది ప్రపంచ ప్రామాణిక జనాభా, అందులో చిన్నవాళ్ల వాటా ఎక్కువ. 440 మొదటి కొలతలో వచ్చింది, 100 రెండో కొలతలో వచ్చింది. ఒకటి గజాల్లో, ఒకటి మీటర్లలో.

ఒకే కొలత మీద పెడితే? అన్ని దేశాల క్యాన్సర్ లెక్కలు కట్టే గ్లోబోకాన్ 2022 అంచనా ప్రకారం అమెరికా లక్షకి సుమారు 367, ఇండియా సుమారు 98. సరే, అప్పుడు కూడా నాలుగింతలకి దగ్గర్లోనే ఉంది, నిజమే. ఇక్కడితో ఆగిపోతే బావగారే గెలిచినట్టు. కానీ చావుల వరస చూడండి. అదే లెక్కలో అమెరికా లక్షకి ఎనభైల్లో, మనం అరవైల్లో. జబ్బులో నాలుగింతల తేడా ఉండి, చావుల్లో అంత కొంచెం తేడాయేనా! రొమ్ము క్యాన్సర్ ఒక్కటీ తీసుకుంటే ఇంకా తెలుస్తుంది: అక్కడ కేసుల రేటు 95 చుట్టూ, మనది 27 చుట్టూ, చావుల రేటు మాత్రం దాదాపు సమానం, మనదే ఒక పిసరు ఎక్కువ. 2022లో మన దేశంలో దాదాపు 1,92,000 కొత్త రొమ్ము క్యాన్సర్ కేసులు, 98,000 మరణాలు అని అంచనా. అమెరికాలో 2,74,000 కేసులు, 43,000 మరణాలు. మనకి తక్కువ వస్తోంది, వచ్చినవాళ్లు ఎక్కువ పోతున్నారు. మీ అమ్మగారికి చూపించాల్సిన అంకె ఇదీ.

తక్కువ వస్తోంది అన్నదాంట్లో కూడా ఒక భాగం "తక్కువ దొరుకుతోంది". వెతికితే దొరికే క్యాన్సర్లు కొన్ని ఉంటాయి. దక్షిణ కొరియాలో థైరాయిడ్‌కి అల్ట్రాసౌండ్ స్కాన్లు విరివిగా చేయడం మొదలుపెట్టాక 1993 నుంచి 2011కి కేసుల రేటు 15 రెట్లయింది, చావులు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి. కొరియన్ల జీన్స్ పద్దెనిమిదేళ్లలో మారిపోయాయా? స్కానింగ్ మెషీన్లు పెరిగాయి, అంతే. అమెరికాలో ప్రోస్టేట్‌కి పీఎస్ఏ రక్తపరీక్షతోనూ ఇలాంటిదే జరిగింది.

ఇక మన దగ్గర అంకె ఎలా పుడుతుందో చెప్పాలి, ఎందుకంటే ఇది బయట ఎవరూ చెప్పరు. ముంబైలో జనాభా క్యాన్సర్ రిజిస్ట్రీ 1960ల నుంచే ఉంది, ఐసీఎంఆర్ దేశవ్యాప్త కార్యక్రమం 1980ల మొదట్లో మొదలైంది, హైదరాబాద్ లెక్కలు మాత్రం 2014 నుంచే కనిపిస్తాయి. 2020లో వచ్చిన జాతీయ నివేదికకి 28 జనాభా రిజిస్ట్రీలు ఆధారం, దేశ జనాభాలో అవి కవర్ చేసేది సుమారు పదో వంతు. మిగతాది అంచనా. అమెరికాలో క్యాన్సర్ తేలితే రిజిస్ట్రీకి చెప్పి తీరాలి, చట్టం ఉంది. నేను పని మొదలుపెట్టిన రోజుల్లో ఇక్కడ మేమే ఆసుపత్రి ఆసుపత్రికీ వెళ్లి, రికార్డ్ రూమ్‌లో దుమ్ము దులిపి, కేస్ షీట్ చూసి రాసుకోవడం. ఒక కార్పొరేట్ ఆసుపత్రిలో మమ్మల్ని మూడు నెలలు "సార్ మీటింగ్‌లో ఉన్నారు" అని తిప్పారు. ఆ మూడు నెలల కేసులు చివరికి దొరికాయి, దొరక్కపోయి ఉంటే? ఆ ఏడాది హైదరాబాద్‌లో క్యాన్సర్ "తగ్గేది".

దొరికినా చిక్కే. ఈ ఊళ్లో పరీక్ష ఒకచోట, ఆపరేషన్ ఒకచోట, రేడియేషన్ ఇంకోచోట. ఒకచోట ఎం.లక్ష్మి, ఇంకోచోట లక్ష్మమ్మ, మూడోచోట మహాలక్ష్మి. ముగ్గురూ ఒక్కరేనా? పాతబస్తీ కేసుల్లో బేగంలతో ఇంకా కష్టం, ఒకే పేరు, ఒకే వయసు, పక్క పక్క బస్తీలు. బయాప్సీ నంబరు పట్టుకుని, ఫోన్ చేసి, తేల్చాలి. ఇక చిరునామా. జనాభా రిజిస్ట్రీలో ఏడాదిగా ఊళ్లో ఉంటున్నవాళ్లనే లెక్కేయాలి. ఎంఎన్‌జే, నిమ్స్‌లాంటి పెద్దాసుపత్రులకి ఆదిలాబాద్ నుంచి కర్నూలు దాకా, కర్ణాటక బీదర్ నుంచి కూడా వస్తారు, చాలామంది ఇక్కడి బంధువుల ఇంటి అడ్రస్ రాయిస్తారు. అది పట్టుకోకపోతే హైదరాబాద్ రేటు పెరిగిపోతుంది, ఆదిలాబాద్‌లో క్యాన్సరే లేనట్టు కనిపిస్తుంది. మరణాల సర్టిఫికెట్ల సంగతి అడక్కండి, సగం చోట్ల కారణం కాలమ్‌లో "గుండె ఆగిపోవడం" అని ఉంటుంది. ఎవరికైనా చివరికి ఆగేది గుండేగా!

ఇంత చెప్పింది లెక్కలు పనికిరావని అనడానికి కాదు. జనాభా రిజిస్ట్రీ అంకెలు నేను నమ్ముతాను, దాని వెనక చాకిరీ చూశాను కాబట్టి. నమ్మనిది, వేర్వేరు పద్ధతుల్లో పుట్టిన రెండు అంకెల్ని పక్కపక్కన పెట్టి మధ్యలో "జాతి" అని రాసేయడం.

అమెరికా పట్టికలోని ఆ గళ్ల సంగతికి వద్దాం. నల్లవాళ్లు, తెల్లవాళ్లు, హిస్పానిక్, ఆసియన్, అమెరికా ఆదివాసులు. ఇవి శరీరంలో కనిపించే గీతలు కావు, జనగణన ఫారంలో గళ్లు. మనవాళ్ల కథే చూడండి. 1920 నుంచి 1940 దాకా అక్కడి జనగణనలో "హిందూ" అనేది ఒక జాతి, మతంతో పనిలేదు, మన దగ్గర్నుంచి ఒక ముస్లిం వెళ్లినా ఆ గడిలోనే. 1970లో మనవాళ్లని తెల్లవాళ్లలో కలిపారు. 1980లో "ఆసియన్ ఇండియన్" అని వేరే గడి వచ్చింది. అంటే 1965లో గుంటూరు నుంచి వెళ్లిన ఒక డాక్టర్ 1970లో తెల్లవాడు, 1980లో ఆసియావాడు. ఆయన జీన్స్ అవే.

"ఆసియన్" అనే గడిలో మనం, చైనా, వియత్నాం, కొరియా, జపాన్, ఫిలిప్పీన్స్ అందరం ఉన్నాం. మొత్తం కలిపితే సగటు తక్కువ. విడదీస్తే కొరియన్లలో కడుపు క్యాన్సర్ బాగా ఎక్కువ, వియత్నాంవాళ్లలో కాలేయం క్యాన్సర్ ఎక్కువ (హెపటైటిస్-బి పుణ్యం). సిగరెట్ ముట్టని ఆసియా ఆడవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ అక్కడి డాక్టర్లకి పెద్ద పజిల్. సగటు అంటే అందరి చెప్పుల సైజులు కలిపి ఒకే సైజు కుట్టించడంలాంటిది. ఆదివాసుల గడిలో ఇంకో రకం ఇబ్బంది: చనిపోయాక సర్టిఫికెట్‌లో జాతి రాసేది ఇంకెవరో, చాలామందిని తెల్లవాళ్లుగా రాసేస్తారు, అంకె ఉన్నదానికంటే తక్కువ కనిపిస్తుంది. వాళ్లలో అలాస్కావాళ్లని విడదీస్తే పెద్దపేగు క్యాన్సర్ ప్రపంచంలోనే అత్యధికం అనదగ్గ స్థాయిలో ఉంది.

మీ చెల్లెలు, వాళ్ల స్నేహితులు ఇంకో రకంగా కూడా ఏరిన సరుకు. అమెరికా వెళ్లేవాళ్లు ఎవరు? చదువుకున్నవాళ్లు, ఉద్యోగం ఉన్నవాళ్లు, గ్రీన్‌కార్డ్‌కి ఆరోగ్యపరీక్ష దాటినవాళ్లు, ఎక్కువమంది పొగతాగనివాళ్లు. వాళ్లని తీసుకుని "ఇండియన్స్‌కి క్యాన్సర్ తక్కువ" అంటే, ఐఐటీ కోచింగ్ సెంటర్‌లో మార్కులు చూసి తెలుగు పిల్లలందరికీ లెక్కలు బాగా వచ్చు అన్నట్టు.

నల్లవాళ్ల సంగతి మీరు అడగలేదు కానీ అసలు పాఠం అక్కడే ఉంది. అమెరికాలో నల్లజాతి ఆడవాళ్లకి రొమ్ము క్యాన్సర్ వచ్చే రేటు తెల్లవాళ్ల కంటే దాదాపు 5 శాతం తక్కువ. చనిపోయే రేటు దాదాపు 38 శాతం ఎక్కువ. ఒకే జబ్బుకి రెండు వ్యతిరేకమైన అంకెలు. ఇందులో జీవశాస్త్రం కొంత ఉంది: హార్మోన్ మందులకి లొంగని ట్రిపుల్ నెగెటివ్ రకం వాళ్లలో దాదాపు రెండింతలు. కానీ హార్మోన్ మందులు బాగా పనిచేసే రకంలో కూడా వాళ్ల చావులే ఎక్కువ, అంటే ఆలస్యంగా దొరకడం, ఇన్సూరెన్స్ లేకపోవడం, వైద్యం మధ్యలో ఆగిపోవడం అన్నమాట. దీనికి నాకు తెలిసిన మంచి ఉదాహరణ డెలావేర్ అనే చిన్న రాష్ట్రం. అక్కడ 2000ల మొదట్లో పెద్దపేగు క్యాన్సర్‌కి అందరికీ స్క్రీనింగ్, పేదలకి వైద్యం ఖర్చు, వెంట ఉండి నడిపించే నర్సులు, ఇలా ఏర్పాటు చేశారు. 2009కల్లా నల్లవాళ్లలో ఆ క్యాన్సర్ చావులు 42 శాతం తగ్గి తెల్లవాళ్ల రేటుకి దాదాపు సమానమయ్యాయి. జాతి మారలేదు, కొలనోస్కోపీ (పెద్దపేగులోకి కెమెరా పంపి చూసే పరీక్ష) అందింది.

మరి జీన్స్‌కి పనే లేదా? ఉంది, దాచను. అష్కెనాజీ యూదుల్లో సుమారు 40 మందిలో ఒకరికి బీఆర్‌సీఏ అనే జీన్‌లో మార్పు ఉంటుంది, రొమ్ము, అండాశయ క్యాన్సర్ల రిస్క్ బాగా పెంచుతుంది. పశ్చిమాఫ్రికా మూలాలున్న మగవాళ్లలో ప్రోస్టేట్ క్యాన్సర్‌కి వారసత్వంగా వచ్చే కొన్ని మార్పులు తోడవుతాయి. ఊపిరితిత్తుల క్యాన్సర్ గడ్డలో ఈజీఎఫ్ఆర్ అనే జీన్ మార్పు తూర్పు ఆసియావాళ్లలో సగం దాకా, మన దగ్గర పాతిక ముప్పై శాతం, తెల్లవాళ్లలో 10-15 శాతం కనిపిస్తుంది, మందు ఎంచుకోవడానికి అది నిజంగా ముఖ్యం. కానీ అప్పుడు కూడా డాక్టర్ చేసేది మనిషి రంగు చూసి మందు రాయడం కాదు, గడ్డ ముక్కని పరీక్షకి పంపడం. మీ ఇంట్లో ఎవరికి ఏ వయసులో వచ్చింది అన్నది, మీరు ఏ జాతి అన్నదానికంటే చాలా ఎక్కువ చెప్తుంది.

జీన్స్ వాదానికి గట్టి దెబ్బ వలస వెళ్లినవాళ్ల లెక్కలు. జపాన్ నుంచి హవాయి వెళ్లినవాళ్లలో కడుపు క్యాన్సర్ తగ్గుతూ, పెద్దపేగు, రొమ్ము క్యాన్సర్లు పెరుగుతూ, రెండు మూడు తరాల్లో అక్కడివాళ్ల దారిలో పడ్డారు. మనవాళ్లదీ అదే వరస, అమెరికాలో ఉన్న ఇండియన్ ఆడవాళ్ల రొమ్ము క్యాన్సర్ రేటు ఇండియా రేటు కంటే ఎక్కువ. అంటే మీ చెల్లెలు సూట్‌కేస్‌లో పచ్చళ్లతో పాటు "తక్కువ రేటు" కూడా పెట్టుకుని వెళ్లలేదు.

అంతదూరం ఎందుకు, దేశం దాటక్కర్లేదు. 2012-16 లెక్కల్లో మిజోరంలోని ఐజ్వాల్‌లో మగవాళ్ల రేటు లక్షకి 269, దేశంలోనే అత్యధికం, మన "98"కి రెండున్నర రెట్ల పైనే. పొగాకు, అక్కడి ఆహారం వగైరా. గంగా తీరంలో పిత్తాశయం క్యాన్సర్ ఎక్కువ. ముంబై పార్సీల సంగతి ఇంకా విచిత్రం: అగ్నిని పూజిస్తారు కాబట్టి పొగతాగడం తక్కువ, నోటి క్యాన్సర్లు తక్కువ, పెళ్లిళ్లు ఆలస్యం, పిల్లలు తక్కువ, రొమ్ము క్యాన్సర్ ఎక్కువ. జాతి అనిపించేది చివరికి జీవితం నడిచిన తీరు.

మన తెలుగువాళ్ల ఉదాహరణ కావాలా? అడ్డపొగ. శ్రీకాకుళం, విశాఖ వైపు ముసలమ్మలు చుట్ట నిప్పు ఉన్న కొసని నోట్లో పెట్టుకుని తాగేవాళ్లు, పనిచేసుకుంటుంటే గాలికి ఆరిపోకుండా. 1971లో అచ్చయిన ఒక అధ్యయనంలో శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది పల్లెజనాన్ని చూస్తే నూటికి 43 మందికి పైగా అడ్డపొగే. దాంతో అంగిట్లో క్యాన్సర్, ప్రపంచంలో మిగతాచోట్ల అరుదుగా కనిపించేది. ఎవరైనా అమెరికాలో కూర్చుని ఆ పట్టిక చూస్తే "తెలుగు ఆడవాళ్ల జీన్స్‌లో అంగిలి క్యాన్సర్ ఉంది" అని రాసి ఉండేవాళ్లు. నా దగ్గరికి టెక్కలి వైపు నుంచి కొడుకు దగ్గరికొచ్చిన ఒక మామ్మ కేసు వచ్చింది, కేస్ షీట్‌లో "పొగాకు అలవాటు: లేదు" అని ఉంది. ఫోన్ చేస్తే కొడుకు కూడా లేదనే అన్నాడు. వెనక నుంచి మామ్మే అరిచింది, "చుట్ట తాగుతాను గానీ పొగాకు నమలను" అని.

ఇక హైదరాబాద్. ఇందాక చెప్పిన 2020 జాతీయ నివేదికలో రొమ్ము క్యాన్సర్ రేటు దేశంలో అన్ని రిజిస్ట్రీలకంటే ఎక్కువ ఉన్నది ఇక్కడే, లక్షకి 48. దేశపు అంచనా 27 దగ్గర ఉంటే మనది 48! తర్వాత చెన్నై, బెంగళూరు, ఢిల్లీ. ఆలస్యంగా కాన్పులు, ఒకరో ఇద్దరో పిల్లలు, పాలిచ్చే కాలం తగ్గడం, బరువు, కదలని ఉద్యోగాలు, వీటితో పాటు ఊరినిండా ఆసుపత్రులు ఉండటం వల్ల దొరకడమూ ఎక్కువే. నా అంచనాలో రెండూ ఉన్నాయి, కానీ దొరకడం ఒక్కటే కారణమైతే ముదిరిపోయిన కేసులు ఇన్ని చూసేవాణ్ణి కాదు.

అమ్మగారి విషయం. పసుపు కూరలో వేసుకోనివ్వండి, గొడవ వద్దు. పరీక్షకి మాత్రం తీసుకెళ్లండి. ముంబైలో టాటా మెమోరియల్ వాళ్లు లక్షన్నర మంది బస్తీ ఆడవాళ్లని ఇరవై ఏళ్లు గమనించి 2021లో ఫలితాలు చెప్పారు: శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్త రెండేళ్లకోసారి చేత్తో పరీక్షిస్తే, 50 దాటినవాళ్లలో రొమ్ము క్యాన్సర్ చావులు దాదాపు 30 శాతం తగ్గాయి. మెషీన్ కూడా కాదు, చెయ్యి. 50 లోపువాళ్లలో అంత లాభం కనిపించలేదు, అదీ చెప్పాలి. ప్రభుత్వ కార్యక్రమంలో 30 దాటిన అందరికీ నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వార పరీక్షలున్నాయి, దగ్గర్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అడగండి. మామోగ్రామ్ చేయించాలా వద్దా అన్నది డాక్టర్‌తో మాట్లాడుకోండి, గడ్డ చేతికి తగిలితే మాత్రం "నొప్పి లేదుగా" అని ఆగకండి, మొదట్లో నొప్పి ఉండకపోవడమే మామూలు.

చెల్లెలు మామోగ్రామ్ చేయించుకోమనండి. అక్కడి సిఫారసు 2024 నుంచి 40 నుంచి 74 ఏళ్ల దాకా రెండేళ్లకోసారి, ఆసియావాళ్లకి మినహాయింపు ఏమీ లేదు.

ఒక్క చిన్న పని. అమ్మగారిని తీసుకెళ్లినప్పుడు ఫారంలో ఆధార్‌లో ఉన్న వయసు కాకుండా అసలు వయసు రాయించండి. మా రికార్డుల్లో ఈ ఊరి ఆడవాళ్లంతా సరిగ్గా 40, 45, 50, 55, 60 ఏళ్లవాళ్లే. 62 అని చెప్పినావిడ నాకు తెలిసి చాలా అరుదు, ఆ ఒక్క విషయంలో మీ అమ్మగారు నాకు బాగా నచ్చారు.